నల్గొండ బొక్కలకు అమెరికా కొలతలు: ఫోరెన్సిక్ ఆంత్రోపాలజీ చెప్పేవారి అసలు పని

చెల్క చదును చేస్తుంటే జేసీబీ బకెట్‌లో బొక్కలు పైకొస్తాయి. పని ఆగుతుంది, ఊరు గుమిగూడుతుంది, పోలీసులు వచ్చి పంచనామా మొదలుపెడతారు. అక్కడ నిలబడ్డ అందరి మనసులోనూ ఒకే వరుస ప్రశ్నలు. ఇవి మనిషివేనా? పాతవా, ఈమధ్యవా? ఒక్కరివా, ఎక్కువమందివా? ఆడమనిషా, మగమనిషా, వయసెంత, ఎత్తెంత? ఈ ప్రశ్నలకు బొక్కల నుంచి జవాబు రాబట్టే శాస్త్రమే ఫోరెన్సిక్ ఆంత్రోపాలజీ. దాని తల్లివేరు జీవ మానవశాస్త్రం, అంటే మనిషి శరీరం, పరిణామం, జన్యువులు, జనసమూహాల మధ్య తేడాలు చదివే బయలాజికల్ ఆంత్రోపాలజీ. ఈ సబ్జెక్టును కాలేజీలో, యూనివర్సిటీలో బోధించే ఉద్యోగం ఎలా ఉంటుంది, అందులోకి దారి ఏది, తరగతిలో నిజంగా ఏం నేర్పాలి అన్నది ఇక్కడి పిల్లలకు చాలా గజిబిజిగా చేరుతోంది. ఆ చిక్కు విప్పడానికే ఈ వ్యాసం.

మూడు పేర్లు, మూడు దారులు

మొదటి చిక్కు పేర్లలోనే ఉంది. ఫోరెన్సిక్ మెడిసిన్ వేరు, ఫోరెన్సిక్ సైన్స్ వేరు, ఫోరెన్సిక్ ఆంత్రోపాలజీ వేరు.

ఫోరెన్సిక్ మెడిసిన్ అంటే పోస్టుమార్టం చేసే డాక్టర్ల విభాగం. ఎంబీబీఎస్ తర్వాత అదే సబ్జెక్టులో ఎండీ చేయాలి. నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో ఉండేది ఈ విభాగమే. ఆంత్రోపాలజీ పీజీ పట్టుకుని అక్కడ అధ్యాపకులు కాలేరు. ఇది ముందే తెలియక మూడు నాలుగేళ్లు పోగొట్టుకునే పిల్లలున్నారు.

ఫోరెన్సిక్ సైన్స్ అంటే వేలిముద్రలు, రక్తపు మరకలు, విషాలు, దస్తావేజుల పరీక్ష, డీఎన్‌ఏ అన్నీ కలిసిన ప్రయోగశాల చదువు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176వ సెక్షన్, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్లాలంటోంది. ఈ చట్టం వచ్చాక ఆ కోర్సుల మీద ఆసక్తి పెరిగింది. ఆ పాఠ్యప్రణాళికల్లో బొక్కల చదువుకు దక్కేది సాధారణంగా ఒక పేపరు, ఒక్కోసారి అందులో ఒక యూనిట్ మాత్రమే.

మూడోది ఆంత్రోపాలజీ. బొక్కల మీద పూర్తి పట్టు ఇచ్చేది ఇదే. మన చుట్టుపక్కల చూస్తే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో, తిరుపతి శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీలో ఈ శాఖలున్నాయి. ఇంకాస్త దూరం పోగలిగితే పాండిచ్చేరి, ఢిల్లీ, చండీగఢ్‌లోని పంజాబ్ యూనివర్సిటీ. తవ్వకాల్లో దొరికిన ప్రాచీన అస్థిపంజరాల మీద ఇష్టముంటే పుణే డెక్కన్ కాలేజీ. చేరేముందు ఒక పని తప్పక చేయాలి. శాఖ పేరొక్కటే చూసి సరిపెట్టుకోవద్దు. అక్కడి అధ్యాపకుల్లో ఎంతమంది జీవ మానవశాస్త్రం వాళ్లు, బొక్కల ప్రాక్టికల్స్ ఎన్ని గంటలు, సొంత ఆస్టియాలజీ (బొక్కల చదువు) ల్యాబ్ ఉందా అని కనుక్కోవాలి. కొన్ని శాఖల బలమంతా సామాజిక మానవశాస్త్రంలోనే ఉంటుంది. అది గొప్ప చదువే. కానీ రెండేళ్లలో తొడ ఎముకను నాలుగుసార్లు కూడా పట్టుకోని విద్యార్థి రేపు దాన్ని పాఠంగా చెప్పలేడు.

ఉద్యోగానికి ఉండాల్సినవి: పీజీలో 55 శాతం (రిజర్వుడు వర్గాలకు 50), ఆపైన దేశమంతటికీ పెట్టే అధ్యాపక అర్హత పరీక్ష నెట్, లేదా రాష్ట్రం పెట్టే సెట్. పీహెచ్‌డీ లేకుంటే అసిస్టెంట్ ప్రొఫెసర్ కాలేరన్న మాట ఇంకా ఊళ్లలో తిరుగుతోంది. 2018 యూజీసీ నిబంధనల్లో యూనివర్సిటీ పోస్టులకు ఆ షరతు పెట్టారు, వాయిదా వేశారు, 2023 జులై 1 నుంచి తీసేశారు. ఇప్పుడు నెట్, సెట్ కనీస అర్హత. అయినా పోటీలో పీహెచ్‌డీ ఉన్నవారికే మొగ్గు. చేరాక మొదటి పదోన్నతికి పీహెచ్‌డీ ఉంటే నాలుగేళ్లు, లేకుంటే ఆరేళ్లు పడుతుంది.

నెట్‌లో ఆంత్రోపాలజీ కోడ్ 07, ఫోరెన్సిక్ సైన్స్ కోడ్ 82. రెంటికీ ఒకటే తీరు: మూడు గంటలు, మొదటి పేపరు 50 ప్రశ్నలు, రెండోది 100 ప్రశ్నలు, ప్రశ్నకు 2 మార్కులు, తప్పుకు కోత లేదు. బొక్కలొక్కటే చదివినవారు 07లో దెబ్బతింటారు. బంధుత్వ వ్యవస్థలు, ప్రాచీన పనిముట్లు, సామాజిక సిద్ధాంతాలు అన్నీ అదే పేపర్లో ఉంటాయి. నెట్‌లో మంచి ర్యాంకుతో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, వయోపరిమితి 30 (వర్గాన్ని బట్టి సడలింపులు). అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరితే మూలవేతనం 57,700, వారానికి 16 గంటల బోధన.

నోటిఫికేషన్లో దాగి ఉండే అసలు గోతి 'సంబంధిత సబ్జెక్టు' అనే మాట. ఫోరెన్సిక్ సైన్స్ శాఖలో పోస్టు పడుతుంది, ఆంత్రోపాలజీ పీహెచ్‌డీ ఉన్నవారు దరఖాస్తు పెడతారు, పరిశీలనలో సంబంధిత సబ్జెక్టు కాదని పక్కన పెడతారు. ఒకచోట ఒప్పుకున్నదాన్నే ఇంకోచోట ఒప్పుకోరు. పీహెచ్‌డీ శీర్షికలోనే ఫోరెన్సిక్ అన్న మాట ఉండేలా చూసుకోవడం, వీలైతే రెండు సబ్జెక్టుల్లోనూ అర్హత తెచ్చుకోవడం మంచిది. దాచకుండా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. పోస్టులు తక్కువ. చాలామంది మొదటి కొన్నేళ్లు గంటల లెక్కన గెస్టు ఫ్యాకల్టీగా గడుపుతారు. అది ముందే తెలిసి దిగాలి.

మొదటి పాఠం మనిషి బొక్కతో మొదలుకాదు

మంచి ఆస్టియాలజీ తరగతి గొర్రె, మేక, బర్రె, కుక్క బొక్కలతో మొదలవుతుంది. పోలీసుల దగ్గరికి వచ్చే బొక్కల్లో జంతువులవి చాలా ఉంటాయి. మనిషివి కాదని నమ్మకంగా చెప్పగలగడమే అన్నిటికంటే ముందు అవసరమయ్యే నైపుణ్యం. ఊళ్లలో తరచూ జరిగే పొరపాటు మేక కాలి కింది ఎముకను పసిపిల్ల ఎముక అనుకోవడం. దీనికి చాలా ఉపయోగపడే సూత్రం ఒకటుంది. పిల్లల పొడుగు ఎముకల చివర్లు మధ్య కాండానికి ఇంకా అతుక్కోవు, విడి ముక్కలుగా ఉంటాయి. కాబట్టి ఎముక చిన్నగా ఉండి, రెండు చివర్లూ గట్టిగా అతుక్కుని ఉంటే అది పసిపిల్లది కాదు, పెరిగిన చిన్న జంతువుది. పెద్దమనిషిలో 206 ఎముకలన్నది అందరూ బట్టీ పట్టే అంకె. పుట్టినప్పుడు అంతకంటే చాలా ఎక్కువ ముక్కలుంటాయన్నదే కేసుల్లో పనికొచ్చే సంగతి.

తర్వాతి ప్రశ్న పాతవా, కొత్తవా. దక్షిణ తెలంగాణలో ఇది పుస్తకంలో చదివి వదిలేసే ప్రశ్న కాదు. కృష్ణ తీరం పొడవునా బృహత్ శిలాయుగపు సమాధులున్నాయి. జనం వాటిని రాకాసి గుళ్లంటారు. నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. నాగార్జునసాగర్ నీళ్లలో మునిగిపోకముందు నల్గొండ జిల్లా ఏలేశ్వరంలో అబ్దుల్ వహీద్ ఖాన్ తవ్వకాలు జరిపితే అక్కడా బృహత్ శిలా సమాధులు బయటపడ్డాయి. ఇలాంటి రాతి అరల్లో ఒకే చోట ఇద్దరు ముగ్గురి బొక్కలు కలిసి ఉండొచ్చు. వేరేచోట ఎండిన బొక్కలను ఏరి తెచ్చి పెట్టిన రెండో ఖననాలూ ఉంటాయి. తల ఒకచోట, కాళ్లు ఒకచోట ఉన్నంత మాత్రాన నరికి చంపారనుకోవద్దు. చుట్టూ నిలబెట్టిన బండలు, నలుపు-ఎరుపు కుండపెంకులు, తుప్పు పట్టిన ఇనుప ముక్కలు ఉన్నాయా అని ముందు చూడాలి. ఉంటే పని ఆపించి పురావస్తు శాఖకు చెప్పాలి. తెలంగాణ వారసత్వ చట్టం 2017 ఉన్నది అందుకే.

నేల కూడా తప్పుదారి పట్టిస్తుంది. ఆమ్లగుణమున్న ఎర్రనేలలో బొక్క త్వరగా కరుగుతుంది, కాబట్టి కొత్తదైనా పాతదానిలా పెళుసుబారి కనిపించొచ్చు. నల్లరేగడి ఎండాకాలంలో బెత్తెడు వెడల్పు పగుళ్లిచ్చి వానాకాలంలో ఉబ్బుతుంది. ఆ కదలికకు చిన్న ఎముకలు, పళ్లు పగుళ్లలోంచి కిందికి జారి పాత పొరలో చేరతాయి. పక్కన దొరికిన ప్లాస్టిక్ కవరు గానీ, గాజు పెంకు గానీ ఆ బొక్కల కాలానిదే అనడానికి లేదు.

మరణకాలం అంచనాలో ఎంత పెద్ద తప్పు జరగొచ్చో చూపడానికి అమెరికాలోని టెనెసీ ఉదాహరణ ప్రతి తరగతిలో చెప్పదగ్గది. 1977లో ప్రొఫెసర్ విలియం బాస్ ఒక మృతదేహాన్ని చూసి చనిపోయి ఏడాది కూడా కాలేదన్నారు. అది 1864లో యుద్ధంలో చనిపోయిన కర్నల్ షై దేహమని తర్వాత తేలింది. మందు ఎక్కించి పోత ఇనుప పెట్టెలో పూడ్చడంతో మాంసం అలాగే నిలిచింది. తన తప్పును దాచకుండా దాన్నే పరిశోధన ప్రశ్నగా మార్చి, దేహాలు ఎలా శిథిలమవుతాయో నేల మీదే గమనించే కేంద్రాన్ని ఆయన నిర్మించారు. అక్కడి అంకెలను తెచ్చి పాలమూరు మే నెల ఎండకు అంటగట్టకూడదు. 40 డిగ్రీలు దాటిన పొడి గాలిలో చర్మం తోలులా ఎండి నిలిచిపోతుంది. అదే దేహం ఆగస్టు వానల్లో కొన్నాళ్లకే బొక్కలు తేలుతుంది.

ఎంతమంది అన్నదానికి పద్ధతి తేలికగా అనిపిస్తుంది. ఒకే వైపు ఎముకల్లో ఎక్కువగా దొరికినదాన్ని లెక్కపెట్టాలి. కుడి తొడ ఎముకలు 7, ఎడమవి 5 ఉంటే కనీసం 7 మంది. కానీ ఆ కుడివన్నీ పెద్దవాళ్లవై, ఎడమవాటిలో రెండు పిల్లలవైతే కనీసం 9 మంది. విద్యార్థులు ఈ రెండో మెట్టు దగ్గరే జారతారు. అంతకంటే ముందు ఎడమ, కుడి గుర్తించడంలోనే తడబడతారు. ముక్కను చేతికిచ్చి నిమిషంలో పేరు, వైపు రాయించే స్పాట్ పరీక్ష వారం వారం పెట్టక తప్పదు. పూర్తి ఎముకలతోనే అభ్యాసం చేయించిన తరగతి కేసులో పనికిరాదు. కేసులో వచ్చేవి ముక్కలే.

166 సెంటీమీటర్లు అని రాస్తే ఎక్కడ తప్పు

తొడ ఎముక నుంచి ఎత్తు లెక్కగట్టే పాఠం ఈ శాస్త్రం తీరునంతా ఒక్క లెక్కలో చూపిస్తుంది. ఎముకను ఆస్టియోమెట్రిక్ బోర్డు (ఎముక పొడవు కొలిచే పలక) మీద వెనక వైపు కిందికి ఉండేలా పడుకోబెట్టాలి. మోకాలి వైపు కొనలోని రెండు గుబ్బల్లో (కాండైల్స్) లోపలిదాన్ని బోర్డు నిలువు గోడకు ఆనించి, కదిలే చెక్కను పై కొనలోని గుండ్రటి తలకాయకు తాకించి, ఎముకను కాస్త అటూ ఇటూ తిప్పుతూ అన్నిటికంటే ఎక్కువ వచ్చిన పొడవు రాయాలి. రెండు గుబ్బలూ గోడకు ఆనిస్తే వచ్చేది వేరే కొలత, కొన్ని మిల్లీమీటర్లు తక్కువ. సూత్రం మొదటి కొలతకు, చేతిలో ఉన్నది రెండో కొలత అయితే లెక్క అక్కడే చెడింది.

పొడవు 44 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. ట్రాటర్, గ్లేజర్ 1952లో ఇచ్చిన శ్వేతజాతి పురుషుల సూత్రం: 2.38 × పొడవు + 61.41. జవాబు 166.1. అదే ఎముకకు వారు నల్లజాతి పురుషులకిచ్చిన సూత్రం 2.11 × పొడవు + 70.35 వాడితే 163.2. మంగోలాయిడ్ అని పేరు పెట్టిన సూత్రం 2.15 × పొడవు + 72.57 వాడితే 167.2. ఒక్క బొక్క, మూడు ఎత్తులు. దేవరకొండ రైతుకు ఈ మూడింటిలో ఏది సరిపోతుంది? వాటి కోసం కొలిచింది అమెరికా సైనికులను, అక్కడి అస్థిపంజర సేకరణలను. మన మనిషి ఆ లెక్కలో ఎక్కడా లేడు.

ఆపైన మొదటి సూత్రానికి ప్రామాణిక దోషం 3.27 సెంటీమీటర్లు. ఆ హద్దులోకి వచ్చేది దాదాపు ముగ్గురిలో ఇద్దరే. నూటికి 95 మందిని పట్టాలంటే దాన్ని రెట్టింపు చేయాలి. అంటే సుమారు 159.6 నుంచి 172.6 దాకా, 5 అడుగుల 3 అంగుళాల నుంచి 5 అడుగుల 8 అంగుళాల దాకా. రిపోర్టులో రాయాల్సింది ఈ పరిధే. '166 సెం.మీ.' అని ఒక్క అంకె రాస్తే, 161 సెంటీమీటర్లున్న తప్పిపోయిన మనిషి ఫైలును ఎస్సై పక్కన పెడతాడు. ఆ కుటుంబం ఏళ్లకేళ్లు ఎదురుచూస్తుంది. తప్పిపోయినట్టు ఇచ్చిన ఫిర్యాదులో ఉండే ఎత్తు కూడా ఇంటివాళ్ల అంచనానే అన్నది మరవకూడదు.

పెద్ద పేరున్న సూత్రాల్లోనూ దొంగ తప్పులుంటాయి. ట్రాటర్ టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక) కొలిచిన విధానం గురించి పుస్తకంలో ఒకటి రాశారు, చేసింది మరొకటి. చీలమండ దగ్గర కిందికి పొడుచుకొచ్చే కొనను కలిపినట్టు రాసి, వదిలేసి కొలిచారని 1995లో జాంట్స్, సహపరిశోధకులు చూపించారు. అన్నేళ్లూ ఆ కొనను కలిపి కొలిచి సూత్రంలో వేసినవారందరికీ ఎత్తు రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువొచ్చింది. కొలత ఎలా తీశారో తెలియని సూత్రాన్ని వాడొద్దని విద్యార్థికి చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు.

చేతి పొరపాటును కూడా అంకెల్లో పెట్టించాలి. 10 తొడ ఎముకలను సోమవారం ఒకసారి, ముందు రాసినవి దాచేసి గురువారం ఒకసారి కొలిపించాలి. తేడాల వర్గాలను కూడి, ఎముకల సంఖ్యకు రెట్టింపుతో, అంటే 20తో భాగించి, వర్గమూలం తీయాలి. తేడాల వర్గాల మొత్తం 20 చదరపు మిల్లీమీటర్లు వస్తే దోషం 1 మిల్లీమీటరు. తొడ ఎముకకు అది ఫరవాలేదు. తలకాయ వ్యాసానికి మాత్రం అది పెద్ద దోషం. స్టీవర్ట్ హద్దుల ప్రకారం తొడ ఎముక తలకాయ 47.5 మిల్లీమీటర్లు దాటితే మగ, 42.5కి తగ్గితే ఆడ. మధ్యలో 43.5 నుంచి 46.5 దాకా తేల్చలేం. ఇవీ అమెరికా అంకెలే. సన్నని దేహాలున్న మన మగవారిలో చాలామంది ఆ తేల్చలేని గడిలో పడతారు, కొందరు ఆడ గడిలోకే జారిపోతారు. ఆడ-మగ తేల్చడానికి తుంటి ఎముక ముందుభాగమే నమ్మదగినది. 1969లో ఫెనిస్ చెప్పిన మూడు గుర్తులు పెద్దవారి మీద బాగా పనిచేస్తాయి. యుక్తవయసు రాని పిల్లల బొక్కలను చూసి ఆడా మగా అని రాయకపోవడమే నిజాయితీ.

వయసు దగ్గర పరిధులు ఇంకా వెడల్పు. పళ్లు, ఎముకల చివర్లు అతుక్కునే దశలు ఇరవైల దాకా దారి చూపుతాయి. అన్నిటికంటే చివర, ముప్పై దగ్గరకొచ్చేసరికి అతుక్కునేది కాలర్‌బోన్ లోపలి కొన. ఆ తర్వాత అంతా అరుగుదల లెక్కే. ప్యూబిక్ సింఫసిస్ (రెండు తుంటి ఎముకలు ముందు కలిసే చోటు) మీద సూచీ-బ్రూక్స్ నాలుగో దశ మగవారికి సగటు 35 ఏళ్లంటుంది. పరిధి మాత్రం 23 నుంచి 57. విద్యార్థి 35 గుర్తుపెట్టుకుని 23-57 మరిచిపోతాడు. పరీక్షలో మార్కులు పరిధికే వేయాలి.

ఫ్లోరైడ్ బొక్క ముందు పట్టికలు ఎందుకు తడబడతాయి

ఇప్పటిదాకా చెప్పినవి ఏ దేశంలోనైనా ఉన్న ఇబ్బందులే. నల్గొండకు సొంతమైనది ఇంకొకటి ఉంది. మర్రిగూడ, మునుగోడు వైపు గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరిన్ బోరు నీళ్లలోకి దిగి, దశాబ్దాల పాటు జనం ఒంట్లోకి చేరింది. నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. ఈ జిల్లా అస్థి ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల వచ్చే బొక్కల జబ్బు) గురించి 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సిద్దిఖీ వ్యాసం వచ్చింది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ నీరీ రూపొందించి దానికి ఈ జిల్లా పేరే పెట్టింది. ప్రపంచంలో నీటిశుద్ధి చదివే పిల్లలందరికీ నల్గొండ పేరు తెలుసు. బొక్కల పుస్తకాల్లో మాత్రం నల్గొండ బొక్కకు కొలతలు దొరకవు.

ఫ్లోరోసిస్ ముదిరిన అస్థిపంజరం బల్ల మీదికి వస్తే ఏం జరుగుతుందో ఒక్కొక్కటే చూద్దాం. బొక్కలు బరువుగా ఉంటాయి, కండలు అతికే చోట్ల గరుకుగా పెరుగుతాయి. గరుకు ఎక్కువగా ఉంటే మగ అనే అలవాటు ఉన్నవారు ఆడమనిషిని మగమనిషిగా రాస్తారు. వెన్నుపూసల అంచుల్లో ముళ్లలాంటి పెరుగుదలలు వస్తాయి, పూసలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. మామూలుగా ఆ ముళ్లు వయసు మీరినదానికి గుర్తు. కాబట్టి నడివయసు మనిషిని ముసలివారిగా లెక్కగడతారు. ముంజేతి రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి ఎముకలా మారుతుంది. ఇది బాగా పనికొచ్చే ఆనవాలు. వెన్ను అతుక్కుపోయే మిగతా జబ్బుల్లో ముంజేతి పొర ఇలా మారడం అరుదు. అందుకే ఫ్లోరోసిస్ అనుమానం ఉన్నప్పుడు వెన్ను కంటే ముందు ముంజేయి చూడాలి.

ఎత్తు లెక్క రెండు విధాలుగా చెడుతుంది. కాళ్లు వంకర తిరిగినప్పుడు బోర్డు మీద వచ్చే పొడవు ఎముక అసలు పొడవు కంటే తక్కువ. ఇది ఒక దిక్కు. ఇంకో దిక్కు, సూత్రం ఇచ్చేది నిటారుగా నిలబడ్డ మనిషి ఎత్తు. ఇంటివాళ్లకు గుర్తున్నది నడుం వంగిపోయి, గూనితో నడిచిన మనిషి. సూత్రం 162 అన్నా ఇంటివాళ్లు చెప్పేది 145 కావచ్చు, ఇద్దరూ తప్పు కాకపోవచ్చు. రిపోర్టులో వెన్ను వంపును వేరుగా వర్ణించి, బతికున్నప్పటి ఎత్తు లెక్క కంటే తక్కువగా ఉండి ఉంటుందని రాయాలి. సూత్రంతో వచ్చిన అంకెను తోచినంత తగ్గించి రాయడం మాత్రం ఎంతమాత్రం సరికాదు.

పళ్లది వేరే కథ. ఎముక జీవితమంతా కరుగుతూ కొత్తగా పోసుకుంటూ ఉంటుంది. పంటి పింగాణీ చిన్నతనంలో ఒకసారి ఏర్పడితే ఇక మారదు. గారపండ్లు ఉన్నాయంటే ఆ మనిషి ఏడెనిమిదేళ్ల లోపు తాగిన నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. ముంబైలోనో పుణేలోనో అనాథ శవంగా దొరికిన పాలమూరు కూలీ విషయంలో ఇది వెతుకులాటకు దిశ ఇస్తుంది. కానీ ప్రకాశం, అనంతపురం, రాజస్థాన్ మనుషులకూ ఇవే పళ్లుంటాయి. 'ఫ్లోరైడ్ నీళ్లున్న ప్రాంతంలో బాల్యం గడిపిన వ్యక్తి' అని రాయడం వరకే మన హక్కు, 'నల్గొండ వ్యక్తి' అని కాదు. ఇంకో మార్పు కూడా వస్తోంది. మిషన్ భగీరథ తర్వాత కృష్ణ నీళ్లు తాగి పెరిగిన పిల్లల పళ్లు అదే ఊరి పెద్దల పళ్లలా ఉండవు. ఊరు ఒకటైనా, పుట్టిన ఏడాదిని బట్టి ఆనవాలు మారుతుంది.

చివరగా అందరూ పడే గుంత. బొక్కలో ఫ్లోరైడ్ ఎక్కువుందని ల్యాబ్ చెబితే ఫ్లోరోసిస్ రోగి అని రాసేయొద్దు. పూడ్చిన బొక్క కూడా భూగర్భజలం నుంచి ఫ్లోరిన్ పీల్చుకుంటుంది. కెన్నెత్ ఓక్లీ ఈ గుణాన్నే వాడుకుని ఇంగ్లండ్‌లో ఆదిమానవుడిదని చూపిన పిల్ట్‌డౌన్ పుర్రె అంత పాతది కాదని తేల్చే దారి వేశారు, 1953లో ఆ మోసం పూర్తిగా బయటపడింది. మర్రిగూడ మట్టిలో నలభై ఏళ్లున్న మామూలు బొక్కలో ఎంత ఫ్లోరైడ్ బతుకున్నప్పటిది, ఎంత మట్టిదో అంకె చూసి విడదీయలేం. ముంజేతి పొర, స్నాయువుల గట్టిదనం లాంటి ఆకారంలోని మార్పులు తోడుంటేనే జబ్బు పేరు రాయాలి.

బొక్కలు ఎక్కడినుంచి వస్తాయి

అధ్యాపకుడికి రోజూ ఎదురయ్యే కొరత ఇది. 1985లో ప్రభుత్వం నిషేధించేదాకా విదేశీ మెడికల్ కాలేజీలకు అస్థిపంజరాలు పంపిన దేశాల్లో ముందున్నది మనమే. వాళ్ల ఇష్టం అడిగారో లేదో తెలియని పేదల బొక్కలు ఇప్పటికీ అక్కడి అల్మారాల్లో ఉన్నాయి. మన దగ్గరేమో పేరు, వయసు, చనిపోయిన కారణం తెలిసిన పెద్ద అస్థిపంజర సేకరణ దొరకడమే కష్టం. దహనం మన ఆచారం కావడం ఒక కారణం, అనాథ దేహాల వివరాలు నమోదు కాకపోవడం ఇంకొకటి. అందుకే ల్యాబుల్లో ఉన్న బొక్కలకు చాలావరకు వయసు తెలియదు. వయసు తెలియని బొక్క మీద వయసు అంచనా నేర్పితే, సరిగ్గా చెప్పాడో లేదో సరిచూసే దారే లేదు.

దీనికి ఇప్పుడున్న మంచి మార్గం ఆసుపత్రి సీటీ స్కాన్లు. పేరు తీసేసి, వయసు, ఆడ-మగ వివరం ఉంచి, నైతికతా కమిటీ అనుమతితో తీసుకుంటే, తుంటి ఎముకను తెర మీద తిప్పి చూపించొచ్చు, కొలవొచ్చు. పీహెచ్‌డీ అంశం వెతుక్కునేవారికి మా సలహా ఇదే. పాత పద్ధతిని కొత్త ఊరి మీద వేసి సగటు మార్చి ఇవ్వడంతో ఆగొద్దు. నమూనాలో ఏ వయసువారు ఎంతమంది ఉన్నారో ముందే సరిచూసుకోవాలి. నమూనా నిండా ఇరవైలవాళ్లే ఉంటే ఆ పద్ధతి కొత్త బొక్కలను కూడా ఇరవైల వైపే లాగుతుంది. దీన్ని 1982లోనే బోకే-అప్పెల్, మాసే ఎత్తిచూపారు.

నిపుణులు లేకుండా తీసిన బొక్కల గతి ఏమవుతుందో పంజాబ్‌లోని అజ్‌నాలా చెబుతుంది. 2014లో అక్కడి పాత బావిలోంచి 1857 నాటి సిపాయిలవని చెప్పే బొక్కలను శాస్త్రీయ పద్ధతి లేకుండా తవ్వి తీశారు. చాలావరకు విరిగి, కలగలిసిపోయాయి. ఆ తర్వాత పంజాబ్ యూనివర్సిటీ మానవశాస్త్రవేత్త సెహ్రావత్, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన తంగరాజ్ బృందాలు ప్రధానంగా పళ్ల మీద ఆధారపడి, ఐసోటోపులు, డీఎన్‌ఏ కలిపి చూసి, వారు గంగా మైదానం వాళ్లని 2022లో ప్రచురించారు. పళ్లు గట్టివి కావడం వల్ల దక్కిన ఫలితమది. ఏ బొక్క ఏ దేహానిదన్న సమాచారం మాత్రం తిరిగి రాదు. తవ్వడం, ఫొటో తీయడం, గ్రిడ్ గీయడం, మట్టిని జల్లెడ పట్టడం కూడా సిలబస్‌లో బొక్కల పాఠమంత బరువుతో ఉండాలి. కాలేజీ వెనక ఖాళీ జాగాలో ప్లాస్టిక్ అస్థిపంజరాన్ని ఒక వానాకాలం ముందు పూడ్చిపెట్టి, వానలయ్యాక మీటరు గ్రిడ్‌తో తీయించినా చాలు. చేతివేళ్ల ఎముకల్లో సగం జల్లెడలోనే దొరుకుతాయని అప్పుడు అర్థమవుతుంది.

ఈ శాస్త్రానికి ఒక చెడ్డ గతం ఉంది. దాన్ని దాచి పాఠం చెప్పకూడదు. 1901 జనగణన కాలంలో బ్రిటిష్ అధికారి రిస్లీ ముక్కు కొలతలతో కులాలకు మెట్లు కట్టారు. అదే కాలిపరు, అదే తల పట్టీ ఇప్పుడు మన ల్యాబ్‌లోనూ ఉన్నాయి. అమ్రాబాద్ అడవుల్లో చెంచుల దగ్గరికి కొలతలకో రక్తనమూనాకో వెళ్లే విద్యార్థి, దేనికి తీసుకుంటున్నాడో వాళ్ల మాటల్లో చెప్పాలి. ఫలితం తిరిగి చెప్పాలి. వద్దంటే వెనక్కి రావాలి. రిపోర్టులో కులం, తెగ బొక్కలో కనిపించాయని రాసే హక్కు ఎవరికీ లేదు. అవి బొక్కలో ఉండవు.

కోర్టు పిలుపు రావడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే. భారతీయ సాక్ష్య అధినియం 39వ సెక్షన్ కింద నిపుణుల అభిప్రాయం సాక్ష్యం అవుతుంది. డిఫెన్సు లాయరు అడిగే మొదటి ప్రశ్న ఏ పట్టిక వాడారని, రెండోది అది ఏ దేశపు జనం మీద తయారైందని. ఈ రెంటికీ తరగతిలోనే జవాబు రాయించాలి. ప్రతి ప్రాక్టికల్ రికార్డులో అంచనా కింద పద్ధతి పేరు, ఏడాది, నమూనా ఎవరిది, పరిధి ఎంత అన్న నాలుగు సంగతులు లేకుంటే సంతకం పెట్టకూడదు.

ఇక్కడ ఇంకా ఆలస్యం చేయకూడని పని ఒకటుంది. ఫ్లోరైడ్ నీళ్లతో నడుం వంగిన తరం పెద్దదైపోతోంది. వాళ్ల పాత ఎక్స్‌రే ఫిల్ములు ఇళ్లలో దూలాల సందున, ఆసుపత్రి గోదాముల్లో పాడవుతున్నాయి. ఆ మనుషుల, వారి కుటుంబాల అనుమతితో వాటిని స్కాన్ చేసి పుట్టిన ఏడాది, తాగిన నీటి వనరు, ఊరు రాసిపెడితే అది మరెక్కడా దొరకని బోధనా సేకరణ అవుతుంది. పాత ఫిల్ముల్లో ట్యూబుకు, ఒంటికి మధ్య ఎంత దూరం ఉంచారో చాలాసార్లు రాసి ఉండదు, నీడ ఎంత పెద్దదైందో తేలదు. అందుకని వాటి నుంచి పొడవులు కొలవొద్దు. ముంజేతి పొర ఎంత మేరకు గట్టిపడింది, ఏ పూసలు అతుక్కున్నాయి అన్న ఆకారపు గుర్తులనే ఆ మనిషి అసలు వయసు పక్కన నమోదు చేయాలి.